మందుబిళ్ళ

మిరపకాయ ఎండిందో లేదో నేను చెవితో చెబుతాను. టిక్కీ బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ గలగలమనాలి. ఆ గలగలలో ఎక్కడైనా కాస్త మెత్తదనం వినపడిందా, అది ఇంకో రెండెండలు కల్లంలో కాగాల్సిన సరుకు. గుంటూరు మిర్చియార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాగా ముప్పై అయిదేళ్ళు చేశాను. ఈ ఒక్క విషయంలో నా మాట తప్పిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా షావుకారు పదిమందిలో నన్ను చూపించి, "వాడి చెవే మా కాటా" అనేవాడు. ఆ మాట నెత్తికెక్కి నేను చేసిన వెధవపని ఇంట్లోవాళ్ళకి కూడా ఇన్నాళ్ళూ పూర్తిగా చెప్పలేదు.

నాకు సంగీతం తెలుసునని ఒక నమ్మకం ఉండేది. ఎలా వచ్చిందంటే, 1980లో 'శంకరాభరణం' వచ్చినప్పుడు ఏడుసార్లు చూశాను. తీసిన విశ్వనాథ్ గారిది రేపల్లె దగ్గర పెదపులివర్రని తెలిసి, మన గుంటూరు జిల్లా ఆయనే కదా అని ఎనిమిదోసారి చూశాను. పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ గెడ్డం గీసుకునేవాణ్ణి. ఇవి చాలవన్నట్టు ఇంకో దస్తావేజు దొరికింది. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల అప్పటికి మా ప్రకాశం జిల్లాలో కంభం వైపు ఊరు. వాళ్ళ పెద్దలు అక్కణ్ణించే దక్షిణాదికి తరలిపోయారని చెబుతారు. ఆయన పుట్టింది 1767లో తిరువారూరులో, బతికిందీ 1847లో సిద్ధి పొందిందీ తిరువయ్యారులో. అయినా నా ఖాతాలో ఆయన ప్రకాశం జిల్లావాడు. రాసింది తెలుగులో. నాదీ తెలుగే. కాబట్టి ఆయన పాటలన్నీ నాకు వచ్చినట్టే. ఇంతా చేసి కాకర్ల మొహం నేను చూడలేదు.

మాది ఒంగోలుకి దగ్గర్లో ఒక పల్లె. నల్లరేగడి నేల, ఒకప్పుడు పొగాకు, తర్వాత పత్తి. మా నాన్న ఒంగోలు తాలూకా కచేరీలో పనిచేసి 1982లో దిగిపోయాడు. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే "రెవెన్యూలో" అని ఊరుకునేవాణ్ణి. ఆ ఊరుకోవడం సంగతి తర్వాత చెబుతాను.

1998 డిసెంబరులో జరిగింది ఇది. కొత్తకాయ యార్డుకి దిగడానికి ఇంకా టైముంది. కోల్డ్ స్టోరేజీ సరుకు తప్ప ఏమీ కదలడం లేదు. మద్రాసులో ప్యారీస్ వైపు ఒక పార్టీ దగ్గర పాతబాకీ ఇరుక్కుపోయింది. "వెళ్ళి వాడి కొట్టుముందు కూచోరా, ఇచ్చిందాకా లేవబాక" అన్నాడు షావుకారు. ధనుర్మాసం, మద్రాసు, కచేరీలు. నేను లోపల ఎగిరి గంతేశాను. జరీ అంచు కండువా ఒకటి కొన్నాను. వసూలుకి పోయేవాడికి కండువా ఏంటని మా ఆవిడ అడిగింది. నీకు తెలీదులే అన్నాను.

తెనాలిలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఒంగోలు ముందర కరవది స్టేషన్లో ఆగకుండా దుమ్ము లేపుకుంటూ పోయింది బండి. కిటికీలోంచి బోర్డు చూశాను కూడా. చూసి, పల్లీలు ఒలుచుకున్నాను.

బాకీ రెండో రోజుకే సగం వచ్చింది. మిగతా సగం రాదని మొహం చూస్తేనే తెలిసింది. అయినా షావుకారుకి ఫోన్ చేసి, ఇంకో రెండ్రోజులు కూచుంటే వచ్చేట్టుందండీ అని చెప్పాను. అబద్ధాల చిట్టాలో అది మొదటిది, చిన్నది.

మ్యూజిక్ అకాడమీ హాలు మెట్లెక్కుతుంటే నాకు మావాళ్ళ పెళ్ళికి వచ్చినట్టే ఉంది. కాంటీన్లోంచి నేతి వాసన, కాఫీ వాసన, పట్టుచీరల్లో ముసలమ్మలు, చేతిసంచీలు. పొద్దున చర్చలు, మధ్యాహ్నం పేరు పడాల్సిన కుర్రవాళ్ళు, సాయంత్రం పేరు పడ్డవాళ్ళు. ఎటు చూసినా అరవం, వేదిక మీద తెలుగు. బయట ఇడ్లీ అడిగితే అర్థం కాని మాటలు, లోపలికి రాగానే రామా, కృష్ణా, నన్ను పాలింపవా. నా రొమ్ము రెండంగుళాలు పెరిగింది.

నా పక్కసీట్లో ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన ఆయన. ఇద్దరికీ డెబ్భై దగ్గరుంటాయి. పాట మొదలుకాకముందే ఆవిడ సంచీలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తొంగిచూశాను. అన్నీ అరవ అక్షరాలే, కానీ అక్షరాల నెత్తిన చీమల్లాగా చిన్నచిన్న అంకెలు. లెక్కల పుస్తకమేమో, చీటీపాటలు కట్టేమనిషేమో అనుకున్నాను. గుమాస్తా బుద్ధి.

పాట మొదలయింది. నేను తొడమీద తాళం మొదలుపెట్టాను. నాకొచ్చింది ఒకటే తాళం, ఆది. ఏ పాటకైనా దాన్నే వేసేవాణ్ణి, అన్ని తలుపులకీ ఒకే తాళంచెవి పెట్టి తిప్పినట్టు. రెండో పాటకి పెద్దావిడ కాస్త అవతలికి జరిగింది. నా తాళం చూసి గౌరవంతో చోటిచ్చిందనుకుని ఇంకాస్త గట్టిగా వేశాను. మృదంగం తని ఆవర్తనం వచ్చేసరికి, పాట అయిపోయింది వాద్యం మిగిలిందని, లేచి కాంటీన్‌కి వెళ్ళి వడ తినొచ్చాను. తిరిగొచ్చి మోకాళ్ళన్నీ దాటుకుంటూ కూచుంటుంటే పెద్దాయన నవ్వి, చక్కటి తెలుగులో, "మీరు ఆంధ్రానుంచా?" అని అడిగాడు. చిన్నప్పుడు ఆయన తండ్రి ఉద్యోగరీత్యా నెల్లూరులో ఉన్నారట. ఆవిడకి మాత్రం మాట్లాడటం అంతంతే.

"ఆఁ. త్యాగరాజుగారిదీ మాదీ ఒకే జిల్లా" అన్నాను.

నేనేదో చుట్టమని చెప్పినట్టు ఆవిడ రెండు చేతులూ జోడించింది. నేను వద్దనలేదు.

ఆ తర్వాత పెద్దాయన ఆ సంస్థ సంగతులు చెప్పుకొచ్చాడు. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దాంతోపాటే సంగీత సభ ఒకటి పెట్టారట. దాన్ని పట్టుకుని 1928లో ఈ అకాడమీ పుట్టిందట. మధ్యలో కొన్నాళ్ళు ఇక్కడ తెలుగు పాటలే ఎందుకు పాడాలి, తమిళానికి చోటేదీ అని పెద్ద పోరాటమే నడిచిందనీ, 1943లో తమిళ ఇసై సంగం అలా పుట్టిందే అనీ చెప్పాడు. మంచీ చెడ్డా ఏమీ అనకుండా, వానాకాలం సంగతి చెప్పినట్టు చెప్పాడాయన. నేనుండి, "అయినా తెలుగే నిలబడిందిగా!" అన్నాను, నిలబెట్టింది నేనే అయినట్టు. ఇప్పుడు తల్చుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ హాల్లో, వాళ్ళు తలా రూపాయీ వేసుకుని బతికించుకున్న పాటల ముందు కూచుని, పెళ్ళికొచ్చి పులిహోర తిని పోయేవాడు వంటవాడి ముందు మీసం మెలేసినట్టు.

అంతలో హంసనాదం ఎత్తుకుంది గాయని. 'బంటురీతి'. మీకు తెలిసే ఉంటుంది. ఇదీ ఆదితాళమే కాబట్టి ఎట్టకేలకు నా తాళంచెవి పట్టే తలుపు. అయితే నేను దెబ్బ వేసిన చోట పాట ఎత్తుకోలేదు, కాస్త ఆగి ఎత్తుకుంది. నేనే తొందరపడ్డానని ఒప్పుకోక, ఆ అమ్మాయి తప్పిందన్నట్టు తల అడ్డంగా ఊపాను.

పెద్దావిడ నావైపు వంగింది. వచ్చీరాని తెలుగులో, మధ్యమధ్య ఇంగ్లీషులో, "మీ మాతృభాష కదా... ఈ పాటకి అర్థం చెబుతారా?" అని అడిగింది.

తెలీదమ్మా అంటే అయిపోయేది. రెండు మాటలు. ఆ రెండు మాటలు నోట్లోంచి రాలేదు. జరీ కండువా ఉంది కదా మెళ్ళో.

వినపడ్డ ముక్కలు ఏరుకున్నాను. బంటు. సరే, బంటు అంటే సేవకుడు. తర్వాత మాట గాయని సాగదీసి సాగదీసి 'కోలు' అంటోంది. కోలు అంటే? కోలుకోవడం. ఇంకేముంది, తాళం తెరుచుకుంది. బంటుకి ఒంట్లో బాగాలేదు, కోలుకునేట్టు చెయ్యి రామా అని వేడుకుంటున్నాడన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. "జబ్బా?" అంది. ఆ తర్వాత 'తుంట' అన్నట్టు వినపడింది. "తుంటినొప్పి" అన్నాను. పెద్దాయన దగ్గినట్టు వినపడింది. చరణం వచ్చింది. రోమాంచం. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, అంటే చలిజ్వరం. కంచుకం అంటే ఒంటికి కప్పుకునేది, కాబట్టి దుప్పటి. ఇక ఆ పైన స్పష్టంగా బిళ్ళ అనే మాట. నా వైద్యం నూటికి నూరుపాళ్ళు నిజమని నాకే నమ్మకం కలిగింది.

"మందుబిళ్ళ" అన్నాను.

"త్యాగరాజస్వామి కాలంలో మందుబిళ్ళలు ఉండేవా?" అంది ఆవిడ, వెటకారమేమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలని.

"ఆయుర్వేదం" అన్నాను.

"మరి ఖడ్గం ఎందుకు?"

అక్కడైనా ఆగొచ్చు. మనిషికి ఆగడానికి భగవంతుడు ఎన్ని మలుపులు పెడతాడో చూడండి. నేను గొంతు తగ్గించి, "అప్పట్లో ఆపరేషన్లు..." అన్నాను.

పాట అయింది. చప్పట్లు. ఆవిడ నోటుబుక్కు నావైపు తిప్పింది. ఎడమ పేజీలో పాట, కుడి పేజీలో అర్థం, మాటకి మాట. ఆ చీమల అంకెలేంటో అప్పుడు చెప్పింది. అరవంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. తెలుగు పాట రాసుకుంటే ఏ 'క'ని ఎలా పలకాలో తెలియడానికి నెత్తిన ఒకటి, రెండు, మూడు, నాలుగు వేసుకుంటారట. వాళ్ళ 'ప' మీద 3 వేస్తే 'బ'. బంటు అని రాయడానికి ఆవిడ ఒక అంకె వేసుకోవాలి. నాకు పుట్టుకతో వచ్చిన అక్షరాన్ని ఆవిడ అరవై ఏళ్ళుగా నంబరు వేసుకుని నేర్చుకుంటోంది. పదేళ్ళప్పుడు మొదలుపెట్టిందట పాట.

"మా ఇంట్లో నవరాత్రికి కొలు పెడతాం, బొమ్మలు" అంది ఆవిడ. "ఇది ఆ కొలువే అనుకున్నాను. రాముడి కొలువులో ఉద్యోగం ఇమ్మని అడుగుతున్నారు కదా? తుంటవిల్లు అంటే చెరకువిల్లు, మన్మథుడిది. కామం, మదం, వాటిని పడగొట్టే బంటుగా పెట్టుకో అని. గగుర్పాటే నాకు కవచం, నీ భక్తుణ్ణనే బిళ్ళ, నీ పేరే కత్తి." చెప్పి, నా మొహంలోకి చూసి, నన్ను కాపాడటానికే కాబోలు, తప్పు తనదన్నట్టు అడిగింది. "ఆ బిళ్ళ ఒక్కటే నాకు సందేహం. మా తాతగారు మునసబు. ఆయన కోర్టులో బంట్రోతుకి ఇలా భుజంమీంచి అడ్డంగా పటకా, దాని మీద ఇత్తడి బిళ్ళ ఉండేది. ఇది అదేనా?"

అదే.

అదేనని నాకంటే తెలిసినవాడు ఆ హాల్లో ఇంకొకడు ఉండడు. మా నాన్న రెవెన్యూలో చేసిన ఉద్యోగం బిళ్ళబంట్రోతు. కుడిభుజం మీంచి ఎడమ నడుముకి ఎర్ర డవాలీ, దాని మధ్య అరచేతంత ఇత్తడి బిళ్ళ. ఆదివారం నాడు మెట్టమీద కూచుని చింతపండు పెట్టి, ముగ్గు పెట్టి దాన్ని తోముకునేవాడు. బిళ్ళలో మొహం కనపడేదాకా తోమి, కనపడ్డ మొహాన్ని చూసుకుని మీసం సర్దుకునేవాడు. పొద్దున్నే చద్దన్నం తిని, "కచేరీకి పోయొస్తా" అని బయల్దేరేవాడు. హైస్కూల్లో నా స్నేహితులెవరైనా ఒంగోలు బజార్లో ఎదురుపడతారేమోనని ఆయన పక్కన నడిచేవాణ్ణి కాదు, పది గజాలు వెనకబడేవాణ్ణి. ఆయన తిరిగి చూసి, కాళ్ళు నొప్పా అని ఆగేవాడు.

బంటు, బంట్రోతు ఒక గూటి మాటలే. కొలువు అంటే ఏంటో, బిళ్ళ అంటే ఏంటో మా ఇంట్లో వంకెకి వేలాడుతూ ఉండేది. త్యాగరాజు పాట మొత్తం కలిపి మా నాన్న ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తు. నేను దానికి జ్వరం, దుప్పటి, ఆపరేషను కట్టాను.

"అదేనండీ" అన్నాను. ఎలా తెలుసని వాళ్ళు అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణో లేదో.

అక్కడితో నాకు శాస్తి అయిపోయిందనుకుంటే పొరపాటు. పెద్దాయన కాఫీకి పిలిచాడు. కాఫీ చల్లార్చుకుంటూ, "ఒంగోలు దగ్గరంటున్నారు, కరవది తెలుసా?" అన్నాడు. తెలియకేం, మా అమ్మమ్మ ఊరెళ్ళేదారి, ప్యాసింజరు ఆగుతుంది, అన్నాను. హమ్మయ్య, తెలిసింది ఒకటి అడిగాడు. "ఈ ఏడు సభలకి అధ్యక్షులు మీ కరవది ఆయనే కదా, షేక్ చినమౌలానా సాహెబ్. ఈసారి సంగీత కళానిధి బిరుదు ఆయనకే. ప్రారంభం రోజు చూశారా?"

నాదస్వర విద్వాంసుడట. 1924లో కరవదిలో పుట్టారట. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ మీద మనసుపడి నాచ్చియార్‌కోయిల్ అన్నదమ్ములు రాజం, దురైకన్నుల దగ్గర మళ్ళీ మొదట్నించీ శిష్యరికం చేసి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారట. 1977లోనే పద్మశ్రీ. ఇవన్నీ మద్రాసు కాంటీన్లో ఒక అరవాయన నాకు చెప్పాలి. ప్రారంభం రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. మెరీనాలో మిరపకాయ బజ్జీ తింటూ, మన గుంటూరు కాయ కాదిది, కారం చాల్లేదు అని ఆ బండివాడితో వాదిస్తున్నాను.

నాదస్వరమంటే మా వైపు సన్నాయి. దాంతో నాకో లెక్క ఉంది. నా పెళ్ళికి మా నాన్న సన్నాయి మేళానికి తాంబూలం ఇచ్చొచ్చాడు. మసీదు పక్క ఇళ్ళల్లో ఉంటూ, ఆ పక్క నమాజు, ఈ పక్క కోవెల్లో సుప్రభాతసేవ, ఇలా తరాలుగా సన్నాయి వాయించే సాహెబుల కుటుంబాలు మా వైపు ఎన్నో. నేను ససేమిరా అన్నాను. పీపీమంటూ ఆ గోల ఏంటి, గుంటూరునుంచి బ్యాండు తెప్పిద్దాం, సినిమా పాటలు వాయిస్తారు అన్నాను. సన్నాయి లేకుండా తాళి ఎట్టా కడతావురా అని మా నాన్న ఒక్కమాటే అన్నాడు. బ్యాండువాళ్ళు మాంగల్యధారణ వేళకి ఏదో హిందీ పాట వాయించారు. తర్వాత చాలా ఏళ్ళకి మా అమ్మ చెప్పింది, రద్దయిన మేళానికి నాన్న మొత్తం డబ్బులు పంపాడని. ఆ వచ్చేవాళ్ళు ఎవరు, ఎంత విద్వత్తు ఉన్నవాళ్ళు, నాకు తెలీదు. శంకరాభరణం ఎనిమిదిసార్లు చూసినవాణ్ణి.

సాయంత్రం కచేరీకి ఉండలేదు. కండువా మడిచి సంచీలో పెట్టాను. మర్నాడు పినాకినికి ఒంగోలులో దిగి ఊరెళ్ళాను. చినమౌలానా గారు ఆ తర్వాత నాలుగు నెలలకే, 1999 ఏప్రిల్లో పోయారు. వేదిక మీద ఆయన్ని చూడగలిగిన రోజుల్లో నేను మద్రాసులోనే ఉన్నాను.

ఇంటికెళ్ళేసరికి చీకటి పడింది. ముందుగదినిండా పత్తి, దూలాలదాకా. నాన్న వసారాలో నులకమంచం మీద ఉన్నాడు.

"మద్రాసు పనేంది?"

"బాకీ. అట్నే కచేరీకి పోయాను."

"కలెక్టరు కచేరీనా?"

"పాట కచేరీ."

ఊఁ అన్నాడు. నేను కాళ్ళు కడుక్కొచ్చి మంచం పట్టె మీద కూచున్నాను. "నాన్నా, నీ బిళ్ళ ఏది?"

"దిగిపోయిన్నాడే హెడ్డు గుమాస్తా సంతకం పెట్టించుకుని తీసుకున్నాడుగా. సర్కారు సొత్తు."

"డవాలీ?"

తలతో చూపించాడు. గొళ్ళెం విరిగిన అమ్మ ట్రంకుపెట్టెకి చుట్టి ముడేసి ఉంది. ఎరుపు పోయి ఇటుకరంగుకి తిరిగింది. మధ్యలో బిళ్ళ ఉన్నంతమేర మాత్రం గుండ్రంగా ఇంకా ఎర్రగానే ఉంది.

నేను పాట సంగతి చెప్పాను. పాడలేదు, అంత ధైర్యం అప్పటికి పోయింది. ఒకాయన రాముడి దగ్గర బంట్రోతు ఉద్యోగం కావాలని అడుగుతూ పాట కట్టాడు నాన్నా, బిళ్ళతో సహా అడిగాడు, అన్నాను. నా తుంటినొప్పి వైద్యం మాత్రం చెప్పలేదు. నాన్న లేచి కూచున్నాడు. బీడీ వెలిగించబోయి పత్తి గుర్తొచ్చి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఇచ్చాడా మరి?"

"పాటలో చెప్పలేదు."

"అర్జీ మీద పేరుందా?"

"ఉంది. చివర్లో త్యాగరాజు అని రాసుకున్నాడు."

కాసేపు ఆలోచించాడు. ముప్పై ఏళ్ళు అర్జీలు లోపలికి మోసిన మనిషి.

"పేరుంటే యాడికీ పోదులే. ఏదో కట్టలో ఉండుంటది" అన్నాడు.